చెరి సగం మాత్రలు

మార్చి 4
పిల్లలు ఎందుకు కలగడం లేదో తెలుసుకుందామని వెళ్తే టెస్ట్‌లో ఇది బయటపడింది. క్లమీడియా. పేరు వింటే పూలమొక్కలా ఉంది. కలయిక వల్ల ఒకరి నుంచి ఒకరికి అంటుతుందట. చాలామందికి ఏ లక్షణమూ కనిపించదట. వదిలేస్తే గర్భనాళాలు పాడవుతాయట. 

ఎవరి నుంచి ఎవరికని అడిగాను. చెప్పలేమన్నారు డాక్టరమ్మ. ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా ఉండగలదట. మా ఇద్దరిదీ రెండో పెళ్లి. ఇంకేం తేలుతుంది?

మాత్రలు వారం వాడాలి, రోజుకి రెండు. మా ఆయనా వచ్చి టెస్ట్ చేయించుకుని మందు వాడాలి. అప్పటిదాకా దూరంగా ఉండాలి.

మార్చి 4, సాయంత్రం
ఆయనకి చెప్పాను. బేకరీలో పిండి కలిపే మనిషి, ముఖం కూడా పిండిలాగే అయింది. తనకేం లేదట, గుండ్రాయిలా ఉన్నారట. క్లినిక్‌కి రానంటే రానన్నారు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. నాలుక చివరిదాకా వచ్చింది.

మార్చి 5
ఉపాయం తట్టింది. పొద్దుటి మాత్ర నాకు, రాత్రి మాత్ర ఆయనకి. మారుమాట్లాడకుండా మింగారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మార్చి 12
కోర్సు అయింది. దూరంగా ఉండటమూ అయిపోయింది.

జూన్ 10
మళ్లీ పాజిటివ్.

మందు సరిగ్గా వాడావా అని డాక్టరమ్మ అడిగితే చెరి సగం వేసుకున్నామని చెప్పేశాను. ముందు నవ్వారు, తర్వాత చీవాట్లు పెట్టారు. సగం మందుతో ఇద్దరికీ నయం కాదట, మళ్లీ ఒకరికొకరం అంటించుకుంటామట. కళ్లజోళ్ల షాపులో పనిచేసేదాన్ని. ఒకే జోడు విరిచి చెరో అద్దం ఇస్తే ఇద్దరికీ చూపు రాదని నాకు తెలియదూ!

జూన్ 10, సాయంత్రం
ఎవరు తెచ్చారో నాకక్కర్లేదు, అది పోతే చాలని ఆయనతో అన్నాను. రేపు క్లినిక్‌కి రాకపోతే మీ పడక హాల్లోనే అన్నాను. చాలాసేపు గోళ్లు గిల్లుకుని, సూది గుచ్చుతారా అని అడిగారు.

ఇన్నాళ్లూ పరువు పోతుందని రానన్నారనుకున్నాను. సూదికి భయమట! మగవాళ్లకి మూత్రం పరీక్ష చాలని ధైర్యం చెప్పాను.

జూన్ 11
వచ్చారు. తీరా చూస్తే హెచ్ఐవీ, సిఫిలిస్ కూడా చూడాలని ఇద్దరికీ రక్తం తీశారు. నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకున్నారు. ఆయన గోళ్ల గుర్తులు ఇంకా పోలేదు. ఈసారి మాత్రలు ఎవరివి వాళ్లకే.

పెళ్లికి ముందే ఇద్దరూ టెస్ట్ చేయించుకుని, రిపోర్టు వచ్చేదాకా కండోమ్ వాడుంటే ఇదంతా తప్పేదట. పెళ్లిబట్టల కోసం ఊరంతా తిరిగాం. దీనికి అరగంట దొరకలేదు.

సెప్టెంబర్ 16
ఇద్దరికీ నెగటివ్. నా నాళాలు బాగానే ఉన్నాయట. క్లినిక్ మెట్ల మీదే ఏడ్చేశాను.

సెప్టెంబర్ 20
బేకరీ ఓనర్‌కి మళ్లీ పెళ్లి కుదిరిందట. ఈయన ఆయన్ని పక్కకి పిలిచి, ముందు ఇద్దరూ టెస్ట్ చేయించుకోండని చెప్పారట. సూది చీమ కుట్టినట్టే ఉంటుందని కూడా చెప్పారట.

ఆ రోజు ఆయన గోళ్లు దిగిన నా చెయ్యి చూసుకున్నాను.