నా భార్య ఎవరికి ఓటు వేసినదో నాకు తెలుపుట గురించి

పెన్‌క్రోస్ గనులు,
దక్షిణ ఆస్ట్రేలియా.
మే నెల, 1896.

ఎన్నికల అధికారి శ్రీ ఆంబ్రోస్ విట్‌ఫీల్డ్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: గత నెల ఎన్నికలో నా భార్య శ్రీమతి కెజియా పెన్‌బెర్తీ తన ఓటును ఎవరికి వేసినదీ నాకు మాత్రమే, గుట్టుగా, తెలియజేయుట గురించి.

పెన్‌క్రోస్ రాగి గనిలో పనిచేయుచున్న ఓబెడ్ పెన్‌బెర్తీ అను నేను తమకు చేసుకొను మనవి. ఓటు రహస్యమన్న చట్టం నాకు తెలియనిది కాదు. అయితే ఆ చట్టం యజమానికీ కూలివాడికీ మధ్య, భూస్వామికీ కౌలుదారుకీ మధ్య ఉండవలసినదే తప్ప, ఒకే పొయ్యి ముందు చలి కాచుకునే భార్యాభర్తల మధ్యకు రావలసినది కాదని నా అభిప్రాయం. కారణములు ఈ దిగువన మనవి చేయుచున్నాను.

1. స్త్రీలకు ఓటు ఇచ్చుటకు నేను ఏనాడూ అడ్డు చెప్పలేదు. నా భార్య ఆ కోరికపై సంతకాల కోసం గని ఇళ్ళన్నీ ఎర్రటి ఎండలో తిరిగినప్పుడు గొడుగు కొనిచ్చినది నేనే. నాతోపాటు గనిలో దిగే జోయెల్ నాంకివెల్ "పెళ్ళాం చేతికి ఓటిస్తే నీ నెత్తినెక్కి కూర్చుంటుందిరా ఓబెడ్" అని ఎగతాళి చేస్తే, "ఒరే పిచ్చోడా, ఇన్నాళ్ళూ మా ఇంట్లో ఒకటే ఓటు. ఇకనుంచి రెండు. రెండూ నేను చెప్పినవాడికే" అన్నాను. ఈ విధంగా నేను కొత్త కాలానికి తగిన మనిషినేనని తమరు గ్రహించగలరు.

2. కార్మిక పక్షం తరఫున మన ఊరినుంచి పోటీకి నిలిచిన శ్రీ ఎవరార్డ్ రోస్కార్లా గారు ఇప్పుడు దక్షిణ ఆస్ట్రేలియా అంతటా పేరున్న వక్త. ఆయన ఉపన్యాసాలు అడిలైడ్ పత్రికల్లో మొదటి పేజీలో వస్తున్నవి. అయితే ఆయన ఒకప్పుడు ఇక్కడే గనిలో బండలు ఏరుతూ, ఆదివారాలు మా ప్రార్థన మందిరంలో పాడేవారని, ఆయన పక్కన నిలబడి పాడే అమ్మాయి పేరు కెజియా అని, పాట అయిపోయాక ఆమెను ఇంటిదాకా దిగబెట్టేవారని కొత్తగా వచ్చిన తమకు తెలియకపోవచ్చును. ఆయన పట్నం వెళ్ళిపోయారు. ఆమె నన్ను పెళ్ళి చేసుకుంది. ఆయన వెళ్ళిపోయినందుకు చేసుకుందా, నేను ఉన్నందుకు చేసుకుందా అని నేను ఎన్నడూ అడగలేదు. ఆయన తిరిగి వచ్చేవరకు అడగాలని కూడా తోచలేదు.

3. ఎన్నికలకు ముందు జరిగిన సభకు నేను నా భార్యతో వెళ్ళాను. రోస్కార్లా గారు నెరసిన గడ్డంతో, బూడిదరంగు కోటుతో వేదిక మీద నిలబడి మాట్లాడారు. బాగా మాట్లాడారు. ఈ మాట రాయడానికి నా చేయి ఎంత మొరాయించినదో దేవుడికి తెలుసు. ఉపన్యాసం ముగిశాక నా భార్య లేచి నిలబడింది. మన ఊరి సభలో ఆడమనిషి నోరు విప్పడం అదే మొదలు. ఆమె ఏదో అడిగింది. ఆయన వేదిక అంచుదాకా వచ్చి, "కెజియా, నువ్వా!" అన్నారు. శ్రీమతి పెన్‌బెర్తీ అనలేదు. అమ్మా అనలేదు. వెనక బెంచీల్లో ఎవరో ఈల వేశారు. జోయెల్ నా డొక్కలో పొడిచి, "ఏరా, కాబోయే మెంబరుగారికి మీ ఇల్లు బాగా తెలిసినట్టుందే" అన్నాడు. ఆ తర్వాత ఆయన చాలాసేపు మాట్లాడారు. నాకు ఒక్క ముక్క వినబడలేదు.

4. ఓట్ల రోజున నేను తెల్ల కాలరు తొడుక్కుని ఆమెను వెంటబెట్టుకుని వచ్చాను. నా ఓటు చిటికెలో వేశాను. ఆమె మాత్రం తెర వెనక్కి వెళ్ళి ఎంతకీ రాలేదు. ఒక పేరు పక్కన గుర్తు పెట్టడానికి అంతసేపు దేనికి? బయటికి వచ్చినప్పుడు ఆమె ముఖంలో ఒక వెలుగు ఉంది. మా పెళ్ళినాడు అది నాకు కనబడినదా అని ఇంటికి వెళ్ళేదాకా జ్ఞాపకం చేసుకుంటూనే ఉన్నాను. దారిలో అడిగాను.

"ఎవరికేశావు?"

"అది చెప్పేది కాదట. గుమాస్తాగారు చెప్పారు, విన్లేదా?"

"నాకు కూడానా?"

"నీకు వేరే చట్టం ఉందా ఓబెడ్?"

5. రోస్కార్లా గారు గెలిచారు. బ్యాండుమేళంతో మా వీధిలోనే ఊరేగారు. ఆనాటినుంచి నాకు తిండి సహించుట లేదు. నా భార్య గనిలో తినడానికి నా కోసం కాల్చే పేస్టీ, అదే లోపల మాంసం కూరిన రొట్టె, మూలన నా పేరులోని మొదటి అక్షరం పిండితో అద్దుతుంది. ఎన్నికల మర్నాడు అది లేదు. మరిచిపోయానంది. గనిలో దాన్ని పట్టుకుని దీపం దగ్గర తిప్పి తిప్పి చూస్తుంటే జోయెల్ "కొత్త అక్షరం నేర్చుకుంటోందేమోలే" అన్నాడు. వాడితో ఇప్పుడు నాకు మాటల్లేవు.

కడపటికి సిగ్గు విడిచి రోస్కార్లా గారినే అడుగుదామని ఆయన దిగిన హోటలుకు వెళ్ళాను. ఆయన వరండాలో టీ తాగుతూ నన్ను కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు.

"మెంబరుగారూ, నా భార్య ఓటు తమకు పడిందా?"

ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. "నాకెలా తెలుస్తుందయ్యా? పడలేదనే అనుకుంటున్నా. ఆవిడ అడిగినదానికి నేను తిన్నగా జవాబివ్వలేదు. పెద్ద పెద్ద మాటలేవో చెప్పి దాటేశాను. ఆవిడకది తెలిసిపోయింది" అన్నారు.

ఇది గడుసు మనిషి తప్పించుకొనే మాట అని నేను నిర్ధారించుకున్నాను. కావున గత్యంతరం లేక తమను ఆశ్రయించుచున్నాను.

6. ఈ ఆరవ అంశంలో నా భార్య ఓటు కాగితాన్ని ఆమె దస్తూరీని బట్టి ఎట్లు గుర్తుపట్టవచ్చునో వివరింపబోతున్నాను. ఇంతలో జరిగినది ఉన్నది ఉన్నట్లు రాయుచున్నాను.

నా భార్య పెరట్లోంచి ఆరిన బట్టలు తీసుకుని లోపలికి వచ్చింది.

"ఎవరికి రాస్తున్నావు?"

"విట్‌ఫీల్డ్ గారికి. గని పని."

"గని పనికి ఎన్నికల ఆఫీసరెందుకు? ఏదీ, ఇటివ్వు."

ఇచ్చాను. ఆమె బట్టలు చంకనే పెట్టుకుని, నిలబడి, మొదటినుంచీ చదివింది. నవ్వుతుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు.

"ఆయన నన్ను పేరు పెట్టి పిలిచాడని రాశావు. ఈల వేశారని రాశావు. నేను ఏమడిగానో రాయలేదే?"

"ఏదో అడిగావని రాశాగా."

"ఏదో అంటే?"

అయ్యా, నాకు గుర్తు రాలేదు. ఎంత తవ్వుకున్నా రాలేదు. ఆమె పక్కనే కూర్చున్న మనిషిని నేను.

ఆమె బట్టలు బల్ల మీద పెట్టి నా ఎదురుగా కూర్చుంది. "గ్రేస్ గురించి అడిగాను" అంది.

గ్రేస్ అంటే జోయెల్ తమ్ముడి భార్య. పోయిన చలికాలంలో అతడు గనిలో బండ విరిగి పడి చనిపోయాడు. ఇల్లు వాళ్ళు చేతులారా కట్టుకున్నదే. కింద నేల మాత్రం కంపెనీది. అతణ్ణి మట్టి చేసిన వారంలోపే గ్రేస్‌ను ఖాళీ చేయించారు.

"మొగుడు గనిలో పోతే ఆ ఇంట్లో ఆడదాన్ని ఉండనిచ్చేలా చట్టం చేస్తారా చెయ్యరా, అంతే అడిగాను. ముగ్గురు నిలబడ్డారు. ఎవరి సభకెళ్తే వాళ్ళని అడిగాను. ముగ్గుర్లో ఒక్కడే సూటిగా చేస్తానన్నాడు. అతనికేశాను."

"ఎవరతను?"

"నువ్వు పొద్దున్నే నిచ్చెన దిగి లోపలికి పోతావు. మళ్ళీ పైకి వచ్చేదాకా ఇక్కడ నా ప్రాణం నాలో ఉండదు. ఆ తెర వెనక అంతసేపు ఏం చేశానో తెలుసా? చెయ్యి వణికింది. గుర్తు గడి దాటి పడితే ఓటు చెల్లదేమోనని వణుకు తగ్గేదాకా ఆగాను." ఆమె లేచి బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. "నా పేరున ఈ ఇంట్లో ఏముంది చెప్పు? ఆ ఒక్క గుర్తు ఉంది. అది నాకుండనీ. అడక్కు ఓబెడ్."

నేను లేచాను. దుప్పటి రెండో కొస పట్టుకుని మడతపెట్టించాను.

కావున ఈ అర్జీ విషయాన్ని నేను ఇందుమూలంగా మార్చుకొనుచున్నాను. గనిలో మరణించినవారి భార్యలను వారు కట్టుకున్న ఇళ్ళనుంచి వెళ్ళగొట్టకుండా చట్టం చేయవలెనన్నది ఇప్పుడు నా ప్రార్థన. అది తమ అధికారంలో లేదని నాకు తెలుసు. శ్రీ రోస్కార్లా గారికి పంపవలసినదని కూడా తెలుసు. ఆయన పేర "అయ్యా" అని రాయడానికి నాకు ఇంకా మనసొప్పుట లేదు గనుక, ఈ కోరిక వరకు తమరే దయతో కత్తిరించి ఆయనకు అందజేయవలెను. దీనికి సాక్షిగా జోయెల్ నాంకివెల్ చేత సంతకం చేయించాను. అందుకోసం వాడితో మాట్లాడవలసి వచ్చింది. వాడు ఈసారి ఏమీ ఎగతాళి చేయలేదు.

మిగతాది తమరు చిత్తగించి, ఆ వెంటనే పొయ్యిలో వేయవలెను.

తమకు విధేయుడు,
ఓబెడ్ పెన్‌బెర్తీ

మరొక మాట: రోస్కార్లా గారు సూటిగా జవాబివ్వలేదని ఆయన నోటనే విన్నాను గనుక నా భార్య ఓటు ఆయనకు పడలేదని తేలినట్లే. ఈ తృప్తి మధ్యాహ్నం దాకా నిలిచింది. ఓడిపోయిన ఇద్దరిలో ఒకరు పండు ముసలివారు. రెండోవారు ఒక కుర్ర వకీలు. ఆ వకీలు అంత అందగాడని ఇంతకుముందు నేను గమనించలేదు. అందుచేత తమకు ముఖ్య మనవి: నేను స్వయంగా తమ కచేరీకి వచ్చి కాళ్ళు పట్టుకున్నా ఏమీ చెప్పక బయటికి పంపించేయండి. వీధిలో నేను ఎదురైనప్పుడు, వకీలు కాకపోయినట్లయితే, తమరు ఊరకే ఒకసారి టోపీ సర్దుకుంటే... వద్దు. దయచేసి అదీ వద్దు. అవతలి వైపుకు తిరిగి వెళ్ళిపోండి.