మరిగించిన నీళ్లు

మిల్వాకీ, మంగళవారం

అమ్మా, నేను బాగానే ఉన్నా. ఫోనెత్తవు, అందుకే ఈ కార్డు. ఇక్కడ ఇళ్లకి నీళ్లొచ్చే పాత సీసం గొట్టాలు తీసి రాగివి వేస్తున్నాం. ఇవాళ ఒడెస్సాగారని ఓ పెద్దావిడ ఇంట్లో గొట్టాన్ని తాళంచెవితో గీకితే వెండిలా మెరిసింది. సీసమే, పసివాళ్లకి విషమని చెప్పా. "అయితే ఏంటి నాయనా, మనవడి పాలకి నీళ్లు బాగా మరిగిస్తాగా!" అంది. "మరిగిస్తే సీసం పోదమ్మా, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుద్ది" అన్నా. స్టవ్ ఆపేసి గిన్నెలో నీళ్లు సింకులో పారబోసింది.

నా కూతురు జూనీకి నువ్వూ అలాగే మరిగిస్తావు. సైలస్ మామయ్యని నేలమాళిగలోకి దిగి మన గొట్టం గీకి చూడమను. అప్పటిదాకా పాపకి కొన్న బాటిల్ నీళ్లే. నీ మోకాలు తగ్గిందా? జూనీకి ముద్దులు. ఈ కార్డు చేరేలోగా అది ఎన్నిసార్లు పాలు తాగుతుందో! ఫోనెత్తమ్మా.

నీ లెవాన్