తెర మీద హెడ్‌లైట్లు

జూన్ 6, గురువారం

వెర్లా ఒప్పుకుంది! మాంసం ఫ్యాక్టరీ సమ్మె సినిమా వచ్చే శుక్రవారం మా డ్రైవ్-ఇన్‌లో, బళ్లలో కూర్చునే చూసే ఆ ఆరుబయటి తెర మీద, పడుతుంది.

ఆమె ఒప్పుకున్న తీరు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది. డెబ్భై దాటిన మనిషి. మొగుడు పోయాక ఆ మైదానాన్నీ, ఆ తెరనీ ఒక్కతే నడుపుతోంది. సినిమాలు ఎంచే పని ఈ వేసవికి నాకిచ్చింది. కాలేజీ సెమినార్‌లో పేపర్ చదివినట్టు అరగంట వాదించాను. పాప్‌కార్న్ మిషన్ తుడుస్తూ వింది. చివరికి, అమ్మాయ్, అందులో ఆవులున్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను. అయితే ఆవుల మీద బతికే మన నెబ్రాస్కాలో ఆడుతుందిలే అంది.

నాన్నను రమ్మన్నాను. నేను పుట్టకముందు నుంచీ ఆయన మా ఊరి మాంసం ఫ్యాక్టరీ లైన్ మీద కత్తి పట్టి మాంసం కోస్తున్నారు. ఇంట్లో ఒక్కరోజూ ఆ మాట ఎత్తలేదు. పొద్దున్నే వేళ్లు ముడుచుకోవు, వేడినీళ్లలో పెట్టుకుంటారు. నాకు తెలిసింది అంతే. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినదాన్ని నేనొక్కదాన్నే. తొక్కించింది ఆ వేళ్లే. ఆ పని పెద్ద తెర మీద పడాలి. ఊరంతా చూడాలి. ఊరు చూస్తుంటే ఆయన చూడాలి. నాకు కావలసింది అదొక్కటే.

చూద్దాం తల్లీ అన్నారు. ఆయన చూద్దాం అన్నారంటే రారనే.

జూన్ 8, శనివారం

డెల్బర్ట్ కోప్కే పోస్టర్ చూశాడు. ఫ్యాక్టరీకి పశువులు అమ్మే రైతుల్లో పెద్దవాడు ఆయన. పాప్‌కార్న్ కౌంటర్ దగ్గర అందరూ వినేలా అందుకున్నాడు. సినిమా సినిమాలా ఉండాలి పిల్లా, ఓట్లడగకూడదు అన్నాడు. నేను ఊరుకోలేదు. పోయిన నెల సినిమాలో ఒక్క సైనికుడు వందమందిని చంపితే మీరంతా హారన్లు కొట్టారు, అదేం అడిగిందని కొట్టారు అన్నాను. అది వేరు, అది సరదాకి అన్నాడు. చచ్చినవాళ్లక్కూడానా అన్నాను. వెనక క్యూలో ఎవరో కిసుక్కుమన్నారు. డెల్బర్ట్ కూడా నవ్వాడు. కాలేజీలో నాలుక్కి బాగానే సాన పట్టించుకొచ్చావే అన్నాడు. శుక్రవారం తప్పకుండా వస్తా, నాతోపాటు నా లైట్లూ వస్తాయి అన్నాడు.

అప్పుడు అందరి నవ్వూ ఆగిపోయింది. మా దగ్గర సినిమా నచ్చితే హారన్ కొడతారు. నచ్చకపోతే కూర్చున్న చోటినుంచే తెర మీదికి హెడ్‌లైట్లు వేస్తారు. నాలుగైదు బళ్లు వేస్తే చాలు, బొమ్మ పాలలో మునిగినట్టు తెల్లబడిపోతుంది.

జూన్ 11, మంగళవారం

లైట్ల సంగతి నాన్నకి ఫ్యాక్టరీలో తెలిసింది. అలా అయితే తప్పకుండా వస్తానన్నారు.

జూన్ 14, శుక్రవారం, మధ్యాహ్నం

అమ్మకి సాయంత్రం షిఫ్ట్ ఉంది, రావడం కుదరదు. నాన్న తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు. చర్చికి వేసుకునే చొక్కా. ఆయన పని తెర మీదికొచ్చిన క్షణానే ఊరు లైట్లు కొట్టి తుడిచేస్తే? చొక్కా తొడుక్కుని ముస్తాబై ఆ అవమానం చూడమని పిలిచింది నేనేగా.

జూన్ 15, శనివారం, ఉదయం

మరిచిపోకముందే మొత్తం రాసెయ్యాలి.

మైదానం నిండింది. నాన్న పికప్ మూడో వరుసలో. రెండు బళ్ల అవతల డెల్బర్ట్ పాత పికప్. కాసేపు బాగానే నడిచింది. సమ్మె మాట రాగానే హీరో బల్ల ఎక్కి మాట్లాడే సీన్ ఒకటుంది. నాకు చాలా ఇష్టమైన సీన్. అక్కడ డెల్బర్ట్ లైట్లు వేశాడు. వెంటనే ఇంకో బండి. తర్వాత ఎన్నో. తెర తెల్లగా అయిపోయింది.

ప్రొజెక్టర్ గదిలోకి పరిగెత్తాను. ఆపేద్దాం అన్నాను. ఏడుస్తున్నాను కూడా. వెర్లా కుర్చీలోంచి లేవలేదు. సుడిగాలికి తప్ప నేను దేనికీ సినిమా ఆపలేదు అంది. కిటికీలోంచి వేలు చూపించింది. ఆ లైట్లు ఎటు చూస్తున్నాయో చూడు అమ్మాయ్ అంది. పోయేవాడి లైట్లు గేటు వైపు తిరుగుతాయి, వీళ్లవి తెర వైపే ఉన్నాయి, మండిపడుతూ కూడా కూర్చున్నారు, సినిమాకి ఇంతకంటే మర్యాద ఏం కావాలి అంది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. వెన్న వాసన.

బొమ్మ తెర మీద పడినా మాట మాత్రం ఎవరి కారు రేడియోలో వాళ్లకి వస్తుంది. లైట్లు దాన్నేం చేయలేకపోయాయి. హీరో మాటలు అయిపోయాయి. సినిమాలో ఫ్యాక్టరీ లైన్ మళ్లీ మొదలైంది. గొలుసుల చప్పుడు, నీళ్ల చప్పుడు. ఉన్నట్టుండి ఒక ఆడమనిషి కేక. ఏమైందో కనబడదు. ఎవరిదో తెలియదు. మైదానమంతా ఆ కేకతో చీకట్లో ఉండిపోయింది, అంత వెలుగులోనూ.

ఒక బండి లైట్లు ఆరాయి. ఇంకోటి. ఇంకో రెండు. వాళ్ల మనసు మారిందని నేను రాసుకోను. ఆమెకేమైందో చూడకుండా ఉండలేకపోయారు, అంతే. ఆ క్షణాన వాళ్లందర్నీ కావలించుకోవాలనిపించింది.

డెల్బర్ట్ లైట్లు మాత్రం ఆరలేదు. మొండిగా తెర మూలకి కొడుతూనే ఉన్నాయి. చాలాసేపటికి అవి పసుపుబారాయి, ఎర్రబడ్డాయి, ఆరిపోయాయి. గెలిచామనుకున్నాను. బ్యాటరీ చచ్చిందట! దాంతో రేడియో కూడా. ఇప్పుడు ఆయనకి బొమ్మ ఉంది, మాట లేదు. సాయం పిలుద్దామంటే హారన్ కూడా లేదు.

నేను ఆయన పికప్ దగ్గరికి వెళ్లేసరికి నాన్న అక్కడున్నారు. బండి తర్వాత చూద్దాం, వచ్చి నా దాంట్లో కూర్చో అంటున్నారు. నీ సినిమా వినాల్సిన ఖర్మ నాకేం పట్టలేదు ఫెర్మిన్ అన్నాడు డెల్బర్ట్. నాది కాదు, మా అమ్మాయిది అన్నారు నాన్న. వినకపోతే మానెయ్, ఫ్లాస్కులో కాఫీ ఉంది అన్నారు. డెల్బర్ట్ కాసేపు గొణిగాడు. తర్వాత దిగాడు.

చివర్లో కొన్ని హారన్లు మోగాయి. చాలా బళ్లు ఊరకే వెళ్లిపోయాయి. నాన్న తన బ్యాటరీ నుంచి డెల్బర్ట్ బ్యాటరీకి జంపర్ కేబుళ్లు తగిలిస్తుంటే నేను టార్చి పట్టుకున్నాను. సగం సొల్లు, బల్లెక్కి నాకు పాఠం చెబుతాడా వాడు అన్నాడు డెల్బర్ట్. నాన్న తలూపారు! నిజమే, లైన్ మీద ఎవడూ అలా మాట్లాడడు అన్నారు. మిషన్ల మోతకి చెవుల్లో బిరడాలుంటాయి, బల్లెక్కి గొంతు చించుకున్నా పక్కవాడిక్కూడా వినబడదు అన్నారు. నా ముఖం మాడిపోయింది. చీకట్లో ఎవరూ చూడలేదు.

మరి ఎలా మాట్లాడుకుంటారు అని అడిగాడు డెల్బర్ట్.

నాన్న కేబుళ్లు కింద పెట్టి చేతులెత్తారు. ఇదైతే కత్తి మొద్దుబారిందని. ఇదైతే సూపర్‌వైజర్ వస్తున్నాడని. ఇదైతే నెమ్మది, పక్కవాడి చెయ్యి లేవట్లేదు, వాడి వాటా మనం కోద్దామని. తెల్ల కఫ్‌ల కింద ఆ వేళ్లు అంత చురుగ్గా కదలడం పుట్టి బుద్ధెరిగాక నేను చూడలేదు. డెల్బర్ట్ ఆ మూడోది మళ్లీ చూపించమన్నాడు.

దారిలో నాన్న ఒక్కటే అన్నారు. ఆ కేక మాత్రం సరిగ్గా పెట్టారు తల్లీ అన్నారు.

జూన్ 16, ఆదివారం

ఆ సినిమాకి అజెండా ఉంది. లేదని ఇన్నాళ్లూ వాదించాను. ఉంది. అయినా ఇష్టమే.

జూన్ 21, శుక్రవారం

అదే సినిమా, రెండో వారం. మూడో వరుసలో నాన్నదీ డెల్బర్ట్‌దీ రెండు పికప్‌లు పక్కపక్కన. అద్దాలు దించి ఉన్నాయి. రెండు రేడియోలూ కట్టేసి ఉన్నాయి. నాన్న చేతులు కదులుతున్నాయి. డెల్బర్ట్ తెర వైపు చూడటం మానేసి ఆ చేతులే చూస్తున్నాడు.