వాగులో దూకిన తల గురించి విన్నపం

మనుషుల తలలపై అధికారం గల మహాశయులందరి సముఖమునకు. నకలు, వరదలో పోయిన మా రాజన్నకు.

అన్నా, తలకు కోత పెట్టకుండా, పైనుంచే అయస్కాంతం ప్రయోగించి మనిషిలోని దుడుకును అణచే ప్రయత్నాలు విదేశాల్లో సాగుతున్నట్టు నేటి పత్రిక తెలియజేసింది. నీ దుడుకు తగ్గాలని నిన్ను కొండగట్టు గుడికి తిప్పిన అవ్వకు చదివి వినిపించాను.

"గా మిషిని అప్పుడే ఉంటె నా కొడుకు వాగుల దుంకకపోతుండె గదరా?"

"దుంకకపోతుండె, అవ్వా."

ఆ సమయంలోనే, వాగులో కొట్టుకుపోతుంటే నువ్వు దూకి ఒడ్డుకు నెట్టిన పిల్ల, పక్కింట్లో మరమగ్గాలు నడిపే నర్సయ్య బిడ్డ, చల్ల కోసం గిన్నెతో వచ్చింది. అవ్వ ఆమెను చూసి నావైపు తిరిగింది.

"మరి గీ పోరి?"

నేను పత్రిక మడిచి పక్కన పెట్టాను. అవ్వ గిన్నె నిండా చల్ల పోసింది.

కావున దాఖలు చేస్తున్న డిమాండు:

1. నీళ్లలో పిల్ల కనబడిన తక్షణం సదరు యంత్రం తనంతట తానే ఆగిపోవలెను.