బొమ్మ మాట్లాడగూడదు

తాడిపత్రి

లక్ష్మక్కకు నీ తమ్ముడు రామాంజి దండాలు పెట్టి రాసుకునేది. నేను ఈడ బాగుండాను. నువ్వు, బావ ఎట్లుండారు? బిడ్డకు జ్వరం తగ్గిందా? నాయన మోకాలికి ఆ నూనె రాస్తాండావా లేదా? ఎండలు ఈడ కూడా మన కుందుర్పి పక్క మాదిరే మండుతాండాయి. నాకేం కాలేదు, దిగులు పడొద్దు.

మా తమ్ముడు సెల్లు కంపెనీలో ఉండాడని ఊరంతా చెప్పుకున్నావంట. చెప్పుకో, అబద్ధమేం గాదు. అయితే నేను చేసేదేమంటే, సెల్లు బొమ్మలో దూరేది. నవ్వొద్దు. స్పంజితో చేసిన నిలువెత్తు సెల్‌ఫోను అది. నెత్తిన కొమ్ము మాదిరి ఏరియలు, కడుపు మీద నంబర్ల బొత్తాములు. మొగం కాడ నల్లటి జాలీ గుడ్డ. దాంట్లోంచి నాకు అందరూ కనపడతారు, నేను ఎవురికీ కనపడను. బస్టాండు ముందర గొడుగేసి సిమ్ములు అమ్ముతారు, పక్కన నిలబడి నేను చేతులూపాల. పిల్లోళ్లు వచ్చి బొత్తాములు పొడిచి పరిగెత్తుతారు. బొడ్డు కాడ పొడిస్తే ప్రాణం పోతాది, తిట్టేదానికి లేదు. బొమ్మ మాట్లాడగూడదని మా సూపర్‌వైజరు రూలు.

మాట్లాడేదంతా షబానా. ఈ ఊరి అమ్మాయే, టేబులు కాడ కూచోనుంటాది. "రాండన్నా, ఒక నిమిషం ఫ్రీగా మాట్లాడండి! దేశంలో యాడికన్నా కలుపుతాం! ముందు ముందు దీంట్లోనే ఇంటర్నెట్టు వస్తాది, ప్రపంచమంతా చేతిలోనే!" అని గొంతు పోయేటట్లు అరుస్తాది. మొన్నొకాయన వచ్చి, "ప్రపంచం నాకెందుకుమ్మా, గుమ్మఘట్టకు తగులుతాదా చెప్పు" అన్యాడు. ఆడ ఇంకా టవరు లేదని ఆయమ్మ చెప్పింది. "మరి నాకేం పనికొస్తాది" అని ఆయప్ప దులుపుకొని పోయినాడు.

నవ్వొచ్చే సంగతులు ఇట్లాంటివి శానా ఉండాయి గానీ, అక్కా, పొద్దున నుంచి అందర్నీ మాట్లాడండి మాట్లాడండి అని పిలిచే తావులో నేనొక్కణ్ణే నోరు మూసుకోనుండేది. రూములో ఇద్దరు బీహారోళ్లుండారు, బండల పాలిషు పని. మంచోళ్లే, రొట్టెలు చేసుకుంటే నాకూ ఒకటి పెడతారు. వాళ్ల మాట నాకు రాదు, నా మాట వాళ్లకు రాదు. నవ్వుకుంటాం, అంతే. ఒక్కోపొద్దు నా గొంతు నేనే విని శానా సేపయిందని ఊరికే నా పేరు నేనే పిలుచుకుంటా. పిచ్చి పట్టిందనుకోవద్దు, బాగుండాను. తిండికి కింద ఖాదరన్న హోటలుంది, ఉగ్గాని బజ్జీ బాగా చేస్తాడు. సంగటే దొరకదు.

ఇంక అసలు సంగతి. నాయన ఈడికి వచ్చినాడు గదా, బావ కట్టే ఇంటికి బండలు తెచ్చేదానికి లారీలో. ఆ పొద్దు నేను ఆయన్ని చూసినా అక్కా.

నేను ఊరిడిసినప్పటి నుంచి నాయన నాతో ఒక్క మాటన్నా మాట్లాడ్నాడా? నీకు తెలుసు. విత్తనం ఏసే పొద్దే నేను బస్సెక్కితినని ఆయన కోపం. ఉగాదికి వస్తే ఎదురుగా కూచోని కూడా, "ఆ పట్నమాయప్పకు ఇంకొంచెం చారు కావాల్నేమో అడుగు" అని నీతో అడిగిచ్చినాడు. నేను తింటాండేది ఆయన కండ్ల ముందరే.

అట్లాంటి మనిషి మా గొడుగు కిందికి వచ్చి నిలబడినాడు. బండలు ఎత్తేసరికి పొద్దు పోతాదని బజారు తిరుగుతాండాడంట. షబానా పిలిచింది. జేబులోంచి చీటీ తీసి, "మా కూతురు రాసిచ్చిందమ్మా, ఈ నంబరు కలుపు" అన్యాడు. ఆయమ్మ నొక్కింది. అది నేను నీకు రాసిన ఖాదరన్న హోటలు నంబరు. నాకు చేసినాడక్కా! నేను మూరెడు దూరంలో నిలబడుండా.

ఖాదరన్న పనిలో ఉండి, రామాంజి డ్యూటీకి పోయినాడని గబగబా చెప్పి టక్కున పెట్టేసినాడంట, రాత్రి ఆయనే చెప్పినాడు. నాయనకు ఆ మాట సరిగా వినపడక, నన్ను పిలిచేదానికి పోయినాడనుకొని సెల్లు చెవికి పెట్టుకోని అట్లే నిలబడినాడు. ఆ ఉడుకులోనే. నోరంతా ఎండిపోయి. ఎంతసేపని చూసేది? "నాయనా" అని అనేస్తి.

బొమ్మ లోపలి నుంచే. ఆయన సెల్లు ఇంకా గట్టిగా ఒత్తుకున్యాడు. "రామాంజీ! ఎంత బాగా వినపడతాండాదిరా, పక్కనుండి మాట్లాడినట్లే!"

షబానా నన్ను చూసింది, ఆయన్ని చూసింది. టైమయిపోయింది తాతా అని సెల్లు తీసుకోలేదు. ఆయమ్మకు ఎంత రుణపడినానో.

"తింటివా?"

"తింటి నాయనా."

"నీ మీద నాకు కోపం లేదురా. ఆ పొద్దు ఒక్కణ్ణే విత్తే గొర్రు తోలలేక గట్టు మీద కూచోని ఏడిస్తి. మీ బావ రాకముందే కండ్లు తుడుచుకుంటి. నీతో మాట్లాడితే మళ్ల యాడ ఏడుస్తానో అని నోరు తెరవకుండా ఉండా. కొడుకు ముందర ఏడ్చేదెట్లప్పా?"

"ఊ" అంటి.

"నీ రూముకు వద్దామనుకుంటి. వచ్చి ఏం చేసేది, నిన్ను చూస్తే ఒక్క మాట రాదు. దీంట్లో అయితే వస్తాండాది. ఒళ్లు జాగ్రత్త. పెడతాండా."

బొమ్మ తల తీద్దామని చేతులు పైకెత్తినా అక్కా. మళ్ల దించుకుంటి. తల తీస్తే ఆయన ఎట్లయిపోతాడో నీకూ తెలుసు. ఆయన సెల్లు ఆ అమ్మాయి చేతికిచ్చి నన్ను పైనుంచి కింది దాకా చూసినాడు. "దీంట్లో మనిషుండాడామ్మా? ఈ ఎండకు వాడేమైపోతాడు, నీళ్లన్నా ఇయ్యి" అని చెప్పి పోయినాడు. టవలు నెత్తినేసుకోని, ఆ మోకాలు లాక్కుంటా.

షబానా నన్ను గొడుగు వెనక్కి తీసకపోయి బొమ్మ తల పీకి నీళ్లిచ్చింది. తాగలేకపోతి. ఏడిస్తి, నీకాడ దాపెట్టేదేముంది. "పరిగెత్తు, ఇంకా మలుపు కాడే ఉంటాడు" అనె. నేను పోలేదు. తప్పా అక్కా? నువ్వు చెప్పు.

ఈ సంగతి నాయనకు ఎప్పటికీ చెప్పొద్దు, బిడ్డ మీద ఒట్టు. బావకు కూడా వద్దు, ఆయన నోట్లో మాట నిలవదు. ఇంకొకటి అడుగుతా, కాదనొద్దు. ఈసారి నేల పదునయ్యే వాన పడితే సూపర్‌వైజరు ఏమన్నా అనుకోనీ, విత్తనానికి వస్తా. వాన పడిన పొద్దు నాయనను కుందుర్పి ఫోను బూతుకు పంపి ఖాదరన్న హోటలుకు ఫోను చేయించు. నువ్వు చేయొద్దు, ఆయనతోనే చేయించు. పొద్దుగూకినాక చేయమను, ఆ యాళకు నేను హోటల్లోనే ఉంటా. ఈసారి నిజంగా ఫోన్లోనే పలుకుతా.

బావకు దండాలు. బిడ్డకు ముద్దులు. నాయనకు దండాలని నోటితో చెప్పు, ఏమంటాడో రాయి.

నీ తమ్ముడు
రామాంజి