నాకు తెలియని నా ప్రయాణం

భావనగర్,
కార్తీక శుద్ధ దశమి.

ధ్వని వాళ్ళ నాన్నగారికి,

లాభు నమస్కరించి రాసేది. జై శ్రీకృష్ణ. ఇక్కడ అందరం బాగున్నాం, కంపాలాలో మీరూ మీ షాపు వాళ్ళూ బాగున్నారని తలుస్తాను. ఈ మాట రాయకుండా ఉత్తరం మొదలుపెట్టడం నాకు చేతకాదు, అందుకే రాశాను. అందరం అంటే ఇప్పుడు నేనూ, మీ అక్కగారు ముక్తా వదినా. ఇంకెవరున్నారు.

మీ ఉత్తరం అందింది. తింటున్నావా అని అడిగారు. తింటున్నాను. ఖాఖ్రా రొట్టెలు మళ్ళీ మొదలుపెట్టాను. పెనం ముందు కూర్చుని గుడ్డతో అదుముతుంటే చేతులకి పని ఉంటుంది, తల కాసేపు ఊరుకుంటుంది. పెరట్లో పంపు బాగు చేయించాను, ఇప్పుడు కారడం లేదు. మన పిల్ల స్కూటీ అమ్మేయమని రాశారు. అమ్మలేదు. దుప్పటి కప్పి ఉంచాను. దాని సంగతి ఇప్పుడు అడగొద్దు.

ఫోన్‌లో చెప్పకుండా ఇదంతా రాస్తుందేమిటి అనుకుంటారు. ఫోన్ ఎత్తగానే మీరు ‘లాభూ’ అంటారు, నేను ‘ఆఁ’ అంటాను. ఆపైన ఇద్దరి ఊపిరి తప్ప ఏమీ వినపడదు. అందుకని రాస్తున్నాను. నా నాలుగో తరగతి చదువు మీకు తెలిసిందే, తప్పులుంటే సర్దుకుని చదవండి. కొంచెం కోపంగా కూడా రాస్తాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

మీరు కర్మలన్నీ ముగించి తిరిగి వెళ్ళాక ఒక రోజు మధ్యాహ్నం పలకరించడానికి ఆడవాళ్ళు వచ్చి ముందు గదిలో కూర్చున్నారు. ఎదురింటి హంసాబేన్ కూడా ఉంది. అప్పుడు గుమ్మంలో పోలీసు నిలబడ్డాడు. కంపాలాలో మీకేమన్నా అయిందనే అనుకున్నాను, ఇంకేం అనుకుంటాను చెప్పండి.

“లాభుబేన్ అంటే ఎవరు?” అన్నాడు.

“ఈవిడే. ఏమైంది?” అంది వదిన.

“ఏం కాలేదమ్మా. పాస్‌పోర్టుకి అర్జీ పెట్టుకున్నారు కదా, ఆ విచారణకి వచ్చాను. విదేశం వెళ్తున్నది మీరేనా?”

వదిన లేచి నిలబడింది. “ఏం విదేశం? కళ్ళు కనపడటం లేదా? కూతురు పోయిన ఇల్లయ్యా ఇది! ఈ తల్లి గుమ్మం దాటి కూరగాయలకి కూడా వెళ్ళడం లేదు. ఇంకే లాభుబేనో అయి ఉంటుంది, వెళ్ళు, వెళ్ళు!”

ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు పాపం. చేతిలో కాగితం చూపించాడు. దాని మీద నా ఫొటో ఉంది. బెదిరిన మేకలా చూస్తున్నాను అందులో. ఆషాఢంలో ధ్వని నన్ను పెద్ద పోస్టాఫీసుకి తీసుకెళ్ళింది. ఆధార్ కార్డులో ఏదో సరిచేయాలి అంది. ఫొటో తీశారు, పది వేళ్ళూ ముద్ర వేయించారు. వస్తూ వస్తూ నాకు చెరకు రసం కూడా తాగించింది. అది ఆధార్‌కి కాదన్నమాట.

ఆ అదురు ఇంకా తగ్గనేలేదు, మూల కూర్చున్న హంసాబేన్ తాపీగా అంది: “వెళ్ళే మాట నిజమేనండీ. రాసుకోండి. సాక్షి కావాలంటే నేను పెడతా సంతకం.”

గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు. నేనూ తిరిగాను. నా ప్రయాణానికి సాక్షి సంతకం హంసాబేన్ పెడుతుందట!

పోలీసు వెళ్ళాక వదిన ఆమె మీద పడింది. “నీకెలా తెలుసే?”

“మీ ధ్వనే చెప్పింది కదా ముక్తాబేన్. అయిదుగురు పిల్లలు కజకిస్తాన్‌లో ఆల్మటీ వెళ్దామనుకున్నారు, మా కృపాలిని పంపమని అడగడానికి వచ్చింది. పెళ్ళి కుదిరిన పిల్ల, ఎలా పంపేది అన్నాను. ‘మా బా కూడా వస్తోంది మాసీ, వంట తనదే, కాపలా తనదే’ అంది. తల్లి లాభుబేనే వెళ్తుంటే ఇంక భయమేముంది? మిగతా పిల్లల ఇళ్ళలోనూ ఆ మాట మీదే ఒప్పుకున్నారు.”

“మరి నాతో ఒక్క ముక్క అనలేదేం?” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

“నువ్వే ఎత్తకపోతే మేమెలా అంటాం? విమానం ఎక్కేదాకా ఎవరైనా నోరు విప్పుతారా? దిష్టికి భయపడి దాస్తున్నావనుకున్నాం. మా నోటితో ఎందుకని మేమూ ఊరుకున్నాం.”

చూశారా. వీధి వీధంతటికీ తెలుసు, నేను పరదేశం వెళ్తున్నానని. కూరగాయల బండి దగ్గర నన్ను చూసి ముసిముసిగా నవ్వేవాళ్ళు, నా కొత్త చెవి కమ్మలు చూసి నవ్వుతున్నారనుకునేదాన్ని. తెలియనిది నాకొక్కదానికే.

వదిన అంతటితో ఊరుకోలేదు. “దిష్టే తగిలింది. ఎవరిదో నోరు ఆగలేదు. పిల్ల పోయింది” అంది. ఆ మాటకి హంసాబేన్ మొహం నల్లగా మాడిపోయింది. కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

రెండు రోజులకి కృపాలి వచ్చింది. మన ధ్వనితో కలిసి ఒకే ప్లేటులో తిన్న పిల్ల, కర్మలు అయ్యాక ఇటు తొంగి చూడలేదు. నాకు లోపల కష్టంగానే ఉండేది. గుమ్మం పట్టుకుని నిలబడింది. ఎముకల మీద చున్నీ వేసినట్టుంది.

“లోపలికి రావే. పిండి ఆరిపోతోంది, నిలబడి మాట్లాడలేను” అన్నాను.

పెనం పక్కన కూర్చుంది. తర్వాత ప్లానంతా ఒక్కొక్కటీ చెప్పింది. అంతా మన పిల్ల తెలివే. చలికాలం మొదట్లో వెళ్తే టికెట్లు చవకట. హోటల్ వద్దని, వంటిల్లున్న అద్దె ఇల్లు చూసిందట. మంచు కొండల దాకా టాక్సీ అక్కర్లేదట, ఊరి బస్సే పైదాకా పోతుందట.

“అంతా కుదిరింది మాసీ, తిండి దగ్గరే ఆగిపోయాం. అక్కడ గుర్రం మాంసం తింటారు. శాకాహారం అని అడిగితే అదే కూరలో ముక్కలు ఏరేసి పెడతారట. మన తిండి కావాలంటే ఉన్న డబ్బంతా దానికే పోతుంది. అప్పుడు ధ్వని అంది, మా బాని తీసుకెళ్దాం అని.”

నాకు ఒళ్ళు మండింది. నిజం రాస్తున్నాను. “అంటే నన్ను వంటమనిషిగా తీసుకెళ్దామనుకుందా? ఖర్చు తగ్గుతుందనా?”

“కాదు మాసీ!” పిల్ల గబుక్కున నా చేయి పట్టుకుంది, చేతినిండా పిండి ఉన్నా. “మేమూ అదే అడిగాం. తనేమందంటే, ‘ఊరు చూద్దాం రా అంటే మా బా చచ్చినా రాదు. పిల్లలు పస్తులుంటారు, వండి పెట్టాలి రా అంటే చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేస్తుంది’ అంది. ముందే చెబితే భయపడి జ్వరం తెచ్చుకుంటారని, వారం ముందు చెప్తానంది. బూట్లు కూడా కొంది మీకు. మంచులో నడిచేవి. దాని అల్మారాలో కింద అరలో ఉంటాయి, చూడలేదా?”

దాని అల్మారా నేను తెరవలేదు. ఆ రోజు తెరిచాను. బూట్లు ఉన్నాయి. కాలు పెడితే సరిపోయాయి.

“నా కాలి కొలత దానికెలా తెలుసు?” అన్నాను.

“మాసా చెప్పారు కదా. ఫోన్ చేసి అడిగింది.”

మాసా అంటే మీరు! మీకూ తెలుసు. పక్కన పిడుగు పడ్డా అంత అదిరిపడేదాన్ని కాదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మీరు నాకు చెప్పులు కొన్నది లేదు, కొలత మాత్రం తెలుసు. అది వేరే సంగతి. కానీ మీరు వచ్చి, అన్నీ చేసి, నా ఎదురుగానే కూర్చుని, ఈ ఒక్క మాట చెప్పకుండా వెళ్ళిపోయారు. ఎలా ఉండగలిగారు? చాలా రోజులు మీ మీద కోపంగా ఉంది. ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. ఆ మాట చెప్పాలంటే దాని పేరు ఎత్తాలి.

ఇక ఆ పిల్ల వచ్చిన పని. ప్రయాణం మానేద్దామని వాళ్ళు అనుకున్నారట. నా టికెట్ రద్దు చేయాలంటే నేను మాట చెప్పాలట, అందుకు వచ్చింది. మీరు వెళ్ళండే అంటే, లాభుబేన్ లేకపోతే పంపేది లేదని ఇళ్ళలో అందరూ అన్నారట. “నాకెలాగూ వైశాఖంలో పెళ్ళి మాసీ. ఇంక ఎక్కడికీ వెళ్ళను. వెళ్ళాలని కూడా లేదు” అంది. అని ఒక్కసారిగా భోరుమంది. “నా వల్లే మాసీ. ఆల్మటీ వస్తున్నామని నేనే ఫోన్‌లో ఫొటో పెట్టాను. ధ్వని వద్దంది. విన్నానా? అందరి కళ్ళూ పడ్డాయి. మా అమ్మ కూడా అదే అంటోంది.”

దానికి మెతుకు ఎందుకు దిగడం లేదో అప్పుడు తెలిసింది. “పిచ్చిదానా! ధ్వనిని కుట్టి జ్వరం తెచ్చింది దోమ. దోమ నీ ఫోన్ చూసి వచ్చిందా?” అన్నాను. అరిచినట్టే అన్నాను. పిల్ల నోరు తెరుచుకుని చూసింది. కాలిన ఖాఖ్రా తీసి చేతిలో పెట్టాను. నెయ్యి రాయనా అంటే తల ఊపింది. తింది.

వాన చివర్లో బాగా పడింది, మేడ మీద ఎండబెట్టిన గుడ్డలు రెండు కొట్టుకుపోయాయి. మీ తమ్ముడి కొడుక్కి మీసాలొచ్చాయి. ఇవన్నీ ఎందుకు రాస్తున్నానంటే, అసలు మాట రాయడానికి చేయి రావడం లేదు. రాసేస్తాను. ఆ రోజు కృపాలితో నేను రద్దు చేయొద్దన్నాను. నా నోరే అలా అందా అని నేనే బిత్తరపోయాను. పాస్‌పోర్టు వచ్చింది. ఎల్లుండి అహ్మదాబాద్‌లో విమానం ఎక్కుతున్నాం, ఢిల్లీలో మారాలట. మిమ్మల్ని అడగలేదు. ఏడాది శోకం తీరలేదు, శోకానికి కట్టుకున్న తెల్లచీర మార్చలేదు, అలాగే వెళ్తున్నాను.

వదినకి నిన్ననే చెప్పాను. చేతిలో జపమాల జారిపోయింది. “కూతురు పోయిన ఏడాది తిరక్కుండా తల్లి షికారుకెళ్ళిందని వీధిలో ఉమ్ముతారే! నా తమ్ముడి మొహం ఎక్కడ పెట్టుకోమంటావు?” అంది.

“షికారు కాదు వదినా. వంటకి వెళ్తున్నాను. పరాయి దేశంలో ఆడపిల్లలు, తినడానికి గుర్రం తప్ప లేదట.”

“గుర్రమా! ఛీ ఛీ.” వదిన చెంపలేసుకుంది. కింద పడ్డ జపమాల తీసి కళ్ళకద్దుకుంది. తర్వాత, “వంటకైతే మరి వేరే సంగతి” అంది. ఇంకాసేపటికి వంటింట్లోంచి కేక. “లాభూ! థేప్లా రొట్టెలు ఎన్నని చేస్తావు, వారం ఉంటాయా అవి? పెసరపప్పు ఎక్కువ కట్టు. ఇంగువ డబ్బా మర్చిపోకు.” నేను లేచి వెళ్ళి ఇంగువ డబ్బా సంచిలో పెట్టాను. మన పిల్ల నన్ను పట్టడానికి వేసిన వలలో మీ అక్కగారు పడ్డారు.

ఇప్పుడు నలుగురు పిల్లలూ వంటింట్లో ఉన్నారు. థేప్లాలు ఒత్తుతున్నారు. ఒక్కటీ గుండ్రంగా లేదు. నేను బయట గట్టు మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

భయం లేదని రాయను. అక్కడ దిగి నిలబడ్డాక నేను పక్కకి తిరిగి చూస్తాను, అది ఉండదు. అప్పుడేం చేస్తానో నాకు తెలియదు. అయినా వెళ్తున్నాను.

ఈ ఉత్తరం మీకు చేరేసరికి నేను వెళ్ళి వచ్చేసి కూడా ఉంటాను. చదవగానే ఫోన్ చేయండి. కోపం వస్తే తిట్టండి. అడగకుండా వెళ్ళానని తిట్టండి, తెల్లచీరతో వెళ్ళానని తిట్టండి, పడతాను. లాభూ అని ఆగిపోవద్దు. నన్ను తిట్టడం అయ్యాక దాన్ని కూడా తిట్టండి. తల్లికి మాట చెప్పకుండా తల్లి వేలిముద్రలు వేయించిన పిల్ల, ఊరుకుంటారా? గట్టిగా, పేరు పెట్టి తిట్టండి. అది పోయినప్పటి నుంచి ఆ పేరు మీ నోట రాలేదు. నాకు వినాలని ఉంది.

ఇట్లు,
ధ్వని తల్లి,
లాభు