మిగతా సగం

చెల్లీ,

క్షేమంగా చేరానని, మోకాలు ఇబ్బంది పెట్టడం లేదని అత్తయ్యగారికి చెప్పు. మహిళా సంఘం పంపిన ఈ శిక్షణలో నలుగురిని కూర్చోబెట్టి మాట్లాడించడం నేర్పుతున్నారు. నిన్న నా వంతు వచ్చింది. ఏడుగురితో చర్చ నడిపి, పావుగంటలో తేల్చేసి, పుస్తకంలో "అందరూ ఒప్పుకున్నారు" అని రాశాను. నేర్పే ఆవిడ అది చదివి, ఆ ఏడుగురిలో మూలన కూర్చున్న నర్సును "మీరూ ఒప్పుకున్నారా?" అని అడిగింది.

"నన్నెవరు అడిగారండీ? ఆవిడే అడిగారు, ఆవిడే చెప్పారు, మేం టీ తాగాం" అందామె నన్ను చూపిస్తూ. అందరితో పాటు నేనూ నవ్వాను గానీ, నువ్వే గుర్తొచ్చావు.

వచ్చినవాళ్లు కూర్చోవడానికి చోటుంటుందని, నీ కుట్టుమిషన్ కిటికీ గదిలోంచి వెనక వసారాలోకి మార్చాలని బయల్దేరే ముందు నేనే తేల్చాను. నువ్వు తల వంచుకుని కాజాలు కుడుతున్నావు. మౌనం అర్ధాంగీకారం అంటారు. మిగతా సగం నేనే కలిపేసుకున్నాను. పన్నెండేళ్లుగా ఒకే ఇంటి కోడళ్లం. ఆ వెలుతురు లేకపోతే నల్లగుడ్డ మీద నీకు కుట్టు కనిపించదని తెలిసి కూడా నిన్ను అడగలేదు. తప్పు నాదే.

మిషన్ కదపవద్దని మీ ఆయనతో చెప్పు. ఇప్పటికే మార్చేసి ఉంటే అదీ రాయి. వంటింటి కప్పు కారడం ఆగిందా? చిన్నదాని చెవిపోటు తగ్గిందా?

అత్తయ్యగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. దీనికి జవాబు కార్డు జత చేశాను. చిరునామా తప్ప అందులో నేనేమీ రాయలేదు. "అలాగే అక్కా" అని తప్ప, నీ మనసులో ఉన్నది ఏదైనా రాయి.

అక్క